మిద్దె తోటకు పశువుల ఎరువు, కంపోస్టు: ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి? (తొలకరికి బ్యాగులు నింపేముందు)

తొలకరి_మిద్దె (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. రోహిణి కార్తె నడుస్తోంది, మృగశిర నాటికి విత్తనం పెట్టాలి. మేడ మీద 12×12 అంగుళాల గ్రో బ్యాగులు 30, పందిరి కోసం 18×18వి 4 ఉన్నాయి. వంగ, బెండ, టమాటా, మిరప, ఆకుకూరలు, పందిరికి బీర, కాకర. పాత మట్టి ప్రతి బ్యాగులో మూడు అంగుళాలకు పైగా దిగిపోయింది. గోశాల నుంచి పశువుల ఎరువు 6 సిమెంటు బస్తాలు వచ్చింది. పైన పొడిగా ఉంది, గడ్డలు విరిస్తే లోపల పేడ వాసన. వంటింటి చెత్తకు 60 లీటర్ల డ్రమ్ము ఒకటి ఉంది, అందులో నీళ్లు ఊరి కంపు కొడుతోంది.

సగం మట్టి, సగం ఎరువు అని కొందరు, మూడింట ఒక వంతు చాలని కొందరు అంటున్నారు. ఏది సరైనది? ఈ గోశాల ఎరువు ఇప్పుడే వాడొచ్చా?

ఎర్రనేల (అనంతపురం)

ముందు కొలత సంగతి. 12×12 బ్యాగులో పైన రెండంగుళాలు నీళ్లకు వదిలితే పట్టేది 18 లీటర్లే. 2 లీటర్ల డబ్బా ఒకటి తీసుకుని దానితోనే అన్నీ కొలవండి: ఎర్రమట్టి 4 డబ్బాలు, బాగా మాగిన ఎరువు 2, తడిపి విప్పిన కొబ్బరి పొట్టు 2, వరి ఊక లేదా కాస్త పెద్ద ఇసుక 1. మొత్తం 9 డబ్బాలు, 18 లీటర్లు. దీనికి వేప పిండి (నూనె తీసిన వేప గింజల చెక్క) 50 గ్రాములు. తడిసినప్పుడు బ్యాగు 18 నుంచి 20 కిలోలు తూగుతుంది, స్లాబు లెక్క వేసుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. నల్లరేగడి తప్ప దొరకని చోట మట్టి 3 డబ్బాలకు తగ్గించి ఊక 2 చేయండి.

సగానికి సగం ఎరువు వద్దనడానికి కారణాలున్నాయి. ఎరువు ఎంత మాగినా ఇంకా కరుగుతూనే ఉంటుంది, మన ఎండలకు మరీ త్వరగా. ఎరువు ఎంత ఎక్కువ వేస్తే మట్టి అంత దిగిపోతుంది, వేర్లు పైకి తేలతాయి. రెండోది ఉప్పు. పశువుల ఎరువులోనూ వర్మీ (వానపాముల ఎరువు)లోనూ కరిగే లవణాలుంటాయి. పొలంలో అయితే వాన వాటిని కిందికి తీసుకుపోతుంది. బ్యాగులో, అదీ బోరు నీళ్లు పోసేచోట, అవి అక్కడే పేరుకుంటాయి. బ్యాగు అంచున తెల్లటి పొర, ఆకు చివర్లు గోధుమ రంగులో మాడటం దాని గుర్తులు. అది చూసి "బలం చాల్లేదు" అని ఇంకో రెండు గుప్పెళ్లు ఎరువు వేస్తే మొక్క ఇంకా మాడుతుంది. మూడోది వానాకాలం సమస్య. ఎరువు ఎక్కువైన మట్టి స్పాంజిలా నీళ్లు పట్టి ఉంచుతుంది, వేరుకు గాలి అందక ఆకులు పసుపుబారతాయి.

గత్తంకుప్ప (విజయనగరం)

గోశాల ఎరువు గురించి నేను చెప్తాను. ఎండిన పేడ వేరు, మాగిన గత్తం (పశువుల ఎరువు) వేరు. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. ఎండలో ఎండితే పేడలో నీరు పోతుంది గానీ కుళ్లడం పూర్తవదు, సూక్ష్మజీవుల పని ఆగుతుందంతే. బ్యాగులో వేసి నీళ్లు పోయగానే ఆ పని మళ్లీ మొదలవుతుంది. మట్టి వేడెక్కుతుంది, అమ్మోనియా వదులుతుంది, లేత వేర్లు కాలిపోతాయి. బస్తాల్లో పొడి చేసి అమ్మే "ఎండు పేడ పొడి" కూడా చాలావరకు ఇదే.

మాగిందో లేదో ఇలా చూడండి. గుప్పెడు ఎరువు తడిపి, పిండితే నీరు కారనంతగా ఉంచి, పాలిథిన్ కవర్లో పెట్టి గట్టిగా ముడి వేయండి. నీడలో 4, 5 రోజులు ఉంచి విప్పండి. తడి మట్టి వాసన వస్తే మాగింది. పేడ వాసన గానీ ఘాటు గానీ వచ్చినా, కవరు ఉబ్బినా ఇంకా మాగలేదు. ఇంకాస్త నమ్మకం కావాలంటే ఆ ఎరువును సగం మట్టితో కలిపి చిన్న ట్రేలో 20 ముల్లంగి లేదా ఆవగింజలు చల్లండి, పక్కనే ఒట్టి మట్టి ట్రే మరొకటి పెట్టండి. వారంలో రెండూ ఒకేలా మొలిస్తే వాడొచ్చు.

గడ్డ విరిస్తే పేడ వాసన అంటున్నారంటే ఇది తొలకరికి పనికిరాదు. దసరా తర్వాత వేసే పంటలకు అక్కరకొస్తుంది. గడ్డలు చితక్కొట్టి, ఎండుటాకులు మూడింట ఒక వంతు కలిపి, నీళ్లు చిలకరించి నీడలో ఒకే కుప్పగా పోయండి. పైన తడి గోనెపట్టాలు కప్పండి. 15 రోజులకోసారి తిరగేస్తూ, లోపల పొడి కనబడితే నీళ్లు చల్లుతూ పోతే 3 నెలల్లో నల్లగా, పొడిపొడిగా అవుతుంది. 6 బస్తాలు సుమారు నాలుగుకు దిగుతాయి. వాన నేరుగా పడనీయొద్దు, సారమంతా కారిపోతుంది. కుప్ప అడుగు నుంచి టీ రంగు నీళ్లు వస్తున్నాయంటే కారుతున్నది నత్రజని, పొటాషే.

పాలమూరు_పెంట (మహబూబ్‌నగర్)

గత్తంకుప్ప గారు చెప్పింది నిజం. మా దిక్కు గొర్రె పెంట, మేక పెంటికలు బాగా దొరుకుతయి, దాని సంగతి చెప్త. గొర్రె పెంటల నత్రజని పశువుల పెంట కంటె చానా ఎక్కువ. మామూలుగ పశువుల ఎరువుల అర శాతం దగ్గర ఉంటె గొర్రె, మేకలది 3 శాతం దాకా పోతది. అందుకే పశువుల ఎరువు ఎంత వేస్తరో అందుల సగం కంటె ఎక్కువ వెయ్యొద్దు. పెంటికల పైపొర గట్టిగుంటది, అట్లనె వేస్తె నెలలకొద్ది కరగదు, తీరా కరిగినప్పుడు పంట చేతికొచ్చి ఉంటది. రోకలితోని కచ్చాపచ్చాగ దంచి, వారం తడి గోనెసంచిల ఉంచి, అప్పుడు కుప్పల కలుపుండ్రి.

కోడి పెంట ఇంకా వేడి. ఫారం నుంచి ఊకతో కలిసొచ్చింది 2, 3 నెలలు మాగబెట్టాలె. మాగినంక గూడ 12×12 బ్యాగుకు అర లీటరు దాటొద్దు. మిరప నారుకు, ఆకుకూరలకు దాని జోలికి పోవద్దు.

ఎండుటాకు (విశాఖపట్నం)

డ్రమ్ములో నీళ్లు ఊరి కంపు కొడుతోందంటే రెండే కారణాలు: ఎండు పదార్థం చాల్లేదు, గాలి ఆడట్లేదు. మన వంటింటి చెత్త కూరగాయ తొక్కలు, పండ్ల తొక్కలు, టీ పిప్పి. దాదాపు అంతా నీళ్లు, నత్రజనీ. కుళ్లించే జీవులకు ఒక పాలు నత్రజనికి 25, 30 పాళ్ల కర్బనం కావాలి. ఎండుటాకుల్లో అది ఉంటుంది. అందుకే ఒక డబ్బా తడి చెత్తకు అదే డబ్బాతో రెండు డబ్బాల నలిపిన ఎండుటాకులు వేయాలి. ఇది ఘనపరిమాణం లెక్క, బరువు లెక్క కాదు.

ఇప్పుడు చేయాల్సిన పని: డ్రమ్ములో ఉన్నదంతా పట్టా మీద కుమ్మరించి ఒక పూట నీడలో ఆరనివ్వండి. డ్రమ్ము అడుగున 8, 10 రంధ్రాలు, పక్కలకు జానెడు జానెడు దూరంలో రంధ్రాలు వేయించండి. చిటికెన వేలు పట్టేంత చాలు, లోపలివైపు దోమల జాలీ ముక్క అంటించండి. ఇటుకల మీద ఎత్తుగా పెట్టి అడుగున పళ్లెం పెట్టండి. మొదట నాలుగంగుళాలు ఎండుటాకులు, కొబ్బరి పీచు, ఆపైన పాత సరుకు ఎండుటాకులతో కలిపి పొరలుగా. ప్రతి పొరకూ పాత కంపోస్టు గుప్పెడు లేదా పుల్లటి మజ్జిగ గ్లాసుడు. రోజూ చెత్త వేశాక పైన ఆకులు కప్పాలి, తొక్క ఒక్కటి కూడా పైకి కనబడకూడదు. మూడు రోజులకోసారి అడుగు నుంచి కలపాలి.

తేమకు పరీక్ష: గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల మధ్య ఒకటి రెండు చుక్కలు వస్తే సరి. ధార కడితే ఆకులు కలపండి. ముద్దే కట్టకపోతే నీళ్లు చల్లండి. చీమలు పట్టాయంటే పొడిబారిందని అర్థం. ఘాటైన అమ్మోనియా వాసన ఆకులు తక్కువయ్యాయని చెబుతుంది, కుళ్లిన గుడ్డు వాసన గాలి లేదని. తెల్లటి బూజును చూసి చాలామంది పారేస్తారు, అది మంచిదే. బూడిద రంగులో చదునుగా ఉండి పాకే పురుగులు బ్లాక్ సోల్జర్ ఈగ పిల్లలు, మొక్కను ఏమీ చేయవు, చెత్తను చకచకా తింటాయి. అవి మరీ ఎక్కువైతే తడి ఎక్కువగా ఉన్నట్టే.

తొలకరి_మిద్దె (హైదరాబాద్)

చాలా స్పష్టంగా చెప్పారు ఎండుటాకు గారూ, ధన్యవాదాలు. వండిన అన్నం, నిమ్మ తొక్కలు, ఉల్లి పొట్టు, పూజ పూలు వేయొచ్చా? ఏ చెట్టు ఆకులైనా ఒకటేనా?

ఎండుటాకు (విశాఖపట్నం)

> వండిన అన్నం, నిమ్మ తొక్కలు, ఉల్లి పొట్టు, పూజ పూలు

ఉల్లి పొట్టు భేషుగ్గా వేయొచ్చు. నిమ్మ తొక్కలు నాలుగైదు ముక్కలు చేసి వేస్తే చాలు. మిగిలిన అన్నం గుప్పెడైతే ఆకుల్లో బాగా కలిపి వేయండి, గిన్నెడు వేస్తే ముద్ద కట్టి పులుస్తుంది, ఎలుకలు వస్తాయి. ఊరగాయ, నూనె కూరలు, సాంబారు అసలు వద్దు. ఉప్పు కంపోస్టులో మాయమైపోదు, చివరికి బ్యాగులోకే చేరుతుంది. చేప, మాంసం వ్యర్థాలు మేడ మీద డ్రమ్ముకు పనికిరావు.

పూలకు దారం, అగరు పుల్లలు, వెండి రేకులు తీసేయాలి. వినాయక చవితి పత్రి చక్కగా కరుగుతుంది. బతుకమ్మ పూలలో ఒక ఇబ్బంది ఉంది. గునుగు పువ్వు దులిపితే నల్లగా మెరిసే ఆవగింజ కంటే సన్నని విత్తనాలు రాలతాయి. 60 లీటర్ల డ్రమ్ములో ఆ విత్తనాలు చచ్చేంత వేడి పుట్టదు. కుప్ప కనీసం మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉంటేనే లోపల 55, 60 డిగ్రీల వేడి నిలుస్తుంది. అందుకే డ్రమ్ము కంపోస్టు వేసిన ప్రతి బ్యాగులో టమాటా, గుమ్మడి, బొప్పాయి మొలుస్తుంటాయి. వాటిని పీకేస్తే సరి, గునుగు మాత్రం సీజన్ అంతా వస్తూనే ఉంటుంది.

ఆకుల్లో కానుగ, నిద్రగన్నేరు, బాదం మంచివి. కానుగలో నత్రజని ఎక్కువ, త్వరగా చివుకుతుంది. మామిడాకు, పనసాకు తోలులా ఉంటాయి, నలిపి వేయకపోతే ఏడాదైనా అలాగే కనబడతాయి. నీలగిరి ఆకులు వద్దు. రంపపు పొట్టు దొరికితే తడి లాగడానికి గుప్పెడు సరే, అంతకు మించితే కుళ్లడం నెమ్మదిస్తుంది.

డ్రమ్ము నిండాక కొత్త చెత్త వేయడం ఆపి 45 నుంచి 60 రోజులు మాగనివ్వాలి. అందుకే రెండు డ్రమ్ములు ఉండాలి, ఒకటి నిండుతుంటే ఒకటి మాగుతుంటుంది. ఆ తర్వాత ఇసుక జల్లెడ పట్టి, పైన మిగిలిన ముక్కలు మళ్లీ కొత్త డ్రమ్ములో వేయండి.

వానపాము_తొట్టి (తణుకు)

తొలకరికి 10 రోజులే ఉంది, చేతిలో మాగిన ఎరువు లేదు కాబట్టి ఇప్పటికి వర్మీకంపోస్టు కొనడమే దారి. కొనేటప్పుడు బస్తా విప్పించి చూడండి. మంచి వర్మీ టీ పొడిలా గుండ్రటి పలుకులుగా ఉంటుంది, చేతికి తడి తగులుతుంది గానీ అంటదు. ఎర్రమట్టి, బొగ్గు పొడి కలిపినది నీళ్లలో వేస్తే బయటపడుతుంది: గాజు గ్లాసులో చెంచాడు వేసి కలిపి 10 నిమిషాలు ఆగండి, అడుగున ఇసుక పొర మందంగా పేరుకుంటే వదిలేయండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 ప్రకారం వర్మీలో నత్రజని కనీసం 1 శాతం, సేంద్రియ కర్బనం 18 శాతం ఉండాలి. సంచి మీద ఈ వివరాలే లేకపోతే ఎంత చవకైనా కొనకండి.

సొంతంగా చేసుకునేవాళ్లకు: వానపాములకు పచ్చి పేడ వేయకూడదు, ఆ వేడికి చస్తాయి లేదా తొట్టి దాటి పోతాయి. పేడను 15, 20 రోజులు చల్లార్చి, సగం కుళ్లిన ఆకులతో కలిపి ఇవ్వాలి. ఒక్కసారికి రెండంగుళాల పొరే. తొట్టిలో వేడి 35 డిగ్రీలు దాటితే వాటికి కష్టం, మే నెలలో స్లాబు మీద నల్లటి ప్లాస్టిక్ తొట్టి అంతకు మించి కాలుతుంది. రోజంతా నీడ ఉండే చోట ఇటుకల మీద పెట్టి తడి గోనె కప్పండి, లేదంటే వేసవి మూడు నెలలు మెట్ల కిందికి మార్చండి. తీసేముందు 4 రోజులు నీళ్లు ఆపి, ఎరువును శంకువులా కుప్ప పోస్తే పాములు అడుగుకు దిగుతాయి, పైనుంచి ఎరువు ఎత్తుకోవచ్చు.

ఇంకో మాట: తొట్టి పాముల్ని తెచ్చి గ్రో బ్యాగుల్లో వదలకండి. ఐసీనియా, యూడ్రిలస్ చెత్త తినే రకాలు, మట్టిలో బతికే రకాలు కావు. ఎరువు కరిగిపోయాక ఆకలికో ఎండకో చస్తాయి.

ఎర్రనేల (అనంతపురం)

తొలకరి గారి బ్యాగులకు లెక్క ఇది. మూడంగుళాలు దిగిన 12×12 బ్యాగులో 5.5 లీటర్ల ఖాళీ ఉంది. అది వర్మీ 2 లీటర్లు, తడిపిన కొబ్బరి పొట్టు 2, కొత్త ఎర్రమట్టి 1.5తో నిండుతుంది. 30 బ్యాగులకు వర్మీ 60 లీటర్లు, పెద్ద బ్యాగులు 4కు ఒక్కోదానికి 6 లీటర్ల చొప్పున 24. అంతా కలిపి 84 లీటర్లు, తూకంలో 50 నుంచి 55 కిలోలు. కొబ్బరి పొట్టు ఇటుక కొంటే రెండు మూడు సార్లు మంచినీళ్లతో కడిగి పిండాలి, దాంట్లోనూ ఉప్పు ఉంటుంది.

పైపైన పోసి ఊరుకోవద్దు. బ్యాగు మొత్తం పట్టా మీద కుమ్మరించి, వేర్లు ఏరి, అప్పుడు కలిపి నింపండి. ఏరేటప్పుడు బెండ, టమాటా, వంగ వేర్ల మీద ఉబ్బిన బుడిపెలు ఉన్నాయేమో చూడండి. ఉంటే అవి నులిపురుగులు. ఆ వేర్లను కంపోస్టులో వేయొద్దు, కాల్చేయండి. ఆ మట్టిని విడిగా తీసి తడిపి, పల్చగా పరిచి, పారదర్శకమైన పాలిథిన్ షీటు కప్పి అంచులు మూసి ఎండలో 4 వారాలు ఉంచాలి. వానలు పడితే అది కుదరదు, కాబట్టి ఈసారి ఆ బ్యాగుల్లో బంతి వేసి, వేప పిండి 100 గ్రాములకు పెంచండి. మిగతావాటికి 50 గ్రాములే. వేప పిండి కలిపాక 10, 15 రోజులు మట్టిని తడిగా ఉంచి, తర్వాతే విత్తనం. పిండి కుళ్లేటప్పుడు మొలకలు మాడిపోతాయి.

తొలకరి_మిద్దె (హైదరాబాద్)

అయితే మృగశిరకు విత్తనం కుదరదన్నమాట?

గత్తంకుప్ప (విజయనగరం)

కుదురుతుంది. నేరుగా బ్యాగులో పెట్టే బెండ, బీర, కాకర కోసం ఆ బ్యాగుల్లో ఇప్పుడు వేప పిండి వేయకండి, మొక్క నాలుగాకులు తొడిగాక కాండానికి తగలకుండా బ్యాగు అంచు వెంబడి వేసి మట్టి కప్పండి. వంగ, టమాటా, మిరపకు ఎలాగూ నారు పెంచాలి, అది 25, 30 రోజుల పని. ఈలోపు వాటి బ్యాగులు వేప పిండితో మాగుతాయి.

ఆ గోశాల ఎరువు తిరగేసేటప్పుడు లోపల బొటనవేలంత లావు తెల్లటి పురుగులు, ఎర్రటి తలతో సున్నలా ముడుచుకుని కనిపిస్తే కొమ్ము పురుగు పిల్లలవి. కొబ్బరి తోటలున్న ఊళ్లలో వీటిని వదిలితే పెద్దయి కొబ్బరి మొవ్వు తొలిచేస్తాయి. వాటికంటే చిన్నవి వేరు పురుగులు, ఇవి బ్యాగులో నారు వేర్లు కొరికేస్తాయి, నీళ్లున్నా మొక్క వాడిపోతుంది, లాగితే చేతికి వచ్చేస్తుంది. జల్లెడ పట్టడమే దీనికి మందు. ఏరి సబ్బు నీళ్లలో వేయండి.

పాలమూరు_పెంట (మహబూబ్‌నగర్)

మాగినంక దానికి ట్రైకోడెర్మా (తెగుళ్లను అణచె మంచి శిలీంధ్రం) పట్టిస్తె ఎండు తెగులు, వేరుకుళ్లు చానా తగ్గుతయి. పొలం లెక్క 90 కిలోల ఎరువు, 10 కిలోల వేప పిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి. మనకు 9 కిలోల ఎరువు, కిలో వేప పిండి, 200 గ్రాములు చాలు. కలిపి నీళ్లు చల్లి, గోనెసంచి కప్పి నీడల వారం, పది దినాలు ఉంచాలె. పైన పచ్చని బూజు రావాలె, అప్పుడే అది పట్టినట్టు. పట్టించినంక ఎండల ఆరబెట్టొద్దు.

జీవామృతం గురించి గూడ అడుగుతరు కదా. 20 లీటర్లకు: నాటు ఆవు పేడ కిలో, గోమూత్రం అర లీటరు నుంచి లీటరు, బెల్లం 200 గ్రాములు, శనగపిండి 200 గ్రాములు, మందులు కొట్టని గట్టు మన్ను గుప్పెడు. నీడల పెట్టి పొద్దున, మాపటికి కట్టెతోని కలపాలె. రెండు దినాలకు తయారు, వారంల వాడుకోవాలె. ఒక పాలు జీవామృతానికి 10 పాళ్ల నీళ్లు. ఇది సూక్ష్మజీవుల తోడు మాత్రమె, ఎరువుకు బదులు కాదు. మట్టిల ఎరువు లేకుంట జీవామృతం పోస్తె ఆ జీవాలకు తినెతందుకు ఏమున్నది?

డాలస్_బీరపాదు (టెక్సస్)

ఇక్కడ అమెరికాలో తోట వేసే మనవాళ్ల కోసం ఒక హెచ్చరిక. గుర్రపు ఎరువు ఉచితంగా ఇస్తామని బోర్డులు ఉంటాయి. గుర్రాలు తినే గడ్డి మీద అమైనోపైరాలిడ్, క్లోపైరాలిడ్ లాంటి కలుపు మందులు కొట్టి ఉంటే అవి గుర్రం కడుపులో గానీ కంపోస్టు కుప్పలో గానీ త్వరగా విరగవు. టమాటా, చిక్కుడు, వంగ ఆకులు దోసిలిలా ముడుచుకుని, కొత్త చిగురు ఫెర్న్‌లా మెలికలు తిరుగుతుంది. వైరస్ అనుకుని మొక్కలు పీకేస్తారు, మట్టిలో మందు అలాగే ఉంటుంది. బ్రిటన్‌లో ఇళ్ల తోటలు ఇలాగే దెబ్బతిని 2008లో అమైనోపైరాలిడ్ అమ్మకాలే కొంతకాలం ఆపేశారు.

పరీక్ష తేలిక. ఎరువు ఒక పాలు, కొనుక్కొచ్చిన మట్టి రెండు పాళ్లు కలిపి 3 కుండీలు, ఒట్టి మట్టి 3 కుండీలు. అన్నిట్లో బీన్స్ గింజలు. ఒక్కో కుండీకి విడి పళ్లెం, ఒకదాని నీళ్లు ఇంకోదానికి చేరకూడదు. మూడో ఆకు వచ్చేదాకా, అంటే 3 వారాలు చూడండి. ఎరువు కుండీల్లో ఆకు ముడుచుకుంటే ఆ కుప్ప తోటలోకి రానివ్వకండి. ఎక్కడి ఎరువు మీద అనుమానం ఉన్నా ఈ పరీక్ష పనికొస్తుంది.

ఇంకొకటి, మాగని ఎరువు గురించి ఇక్కడి సేంద్రియ నియమం స్పష్టంగా ఉంది: తినే భాగం మట్టికి తగిలే పంటైతే కోతకు 120 రోజుల ముందు, తగలని పంటైతే 90 రోజుల ముందు వేయాలి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా, క్యారెట్ వేసేచోట పచ్చి పేడనీళ్లు పోసేవాళ్లు దీన్ని పట్టించుకోవాలి. పేడలో ఈ.కోలై అనే బ్యాక్టీరియా ఉంటుంది, అది జబ్బు చేయొచ్చు. కుక్క, పిల్లి మలం ఏ కంపోస్టులోనూ వేయకూడదు. ఎరువు తిరగేసేటప్పుడు చేతికి గ్లవ్స్, ముక్కుకు మాస్కు, ధనుర్వాతం టీకా ఉండాల్సిందే.

తొలకరి_మిద్దె (హైదరాబాద్)

బాగా ఉపయోగపడింది. నాటాక పైన ఎరువు ఎంతెంత, ఎన్నాళ్లకు? గుడ్డు పెంకులు, అరటి తొక్కల నీళ్లు, కట్టెల బూడిద గురించి కూడా ఎవరైనా చెప్తారా?

ఎర్రనేల (అనంతపురం)

ఆకుకూరలకు ప్రతి కోత తర్వాత వర్మీ రెండు గుప్పెళ్లు. వంగకు 15 రోజులకోసారి రెండు గుప్పెళ్లు, అది తిండిపోతు పంట. టమాటా, మిరపకు పూత వచ్చేదాకా నెలకోసారి ఒక్క గుప్పెడు చాలు. నత్రజని ఎక్కువైతే టమాటా గుబురుగా, ముదురాకుపచ్చగా పెరిగి పూత రాలుస్తుంది. చిక్కుడు, గోరుచిక్కుడు తమ నత్రజని తామే తెచ్చుకుంటాయి, మొదట వేసింది సరిపోతుంది. ముల్లంగి, క్యారెట్ బ్యాగులో మాగని ఎరువు ఉంటే దుంప రెండు మూడు కాళ్లుగా చీలుతుంది. ఎప్పుడు వేసినా కాండానికి తగలకుండా అంచు వెంబడి చల్లి, వేళ్లతో అంగుళం లోతు కలిపి, నీళ్లు పోయాలి. పైన ఎండుటాకులు కప్పాలి. ఎండకు వదిలేసిన వర్మీ రెండు రోజుల్లో మట్టిపెళ్లలా గట్టిపడుతుంది. జోరు వానల్లో వేయకండి, మబ్బు విడిచాక వేయండి.

పిండి నీళ్లు కావాలంటే వేరుశనగ చెక్క కిలో 10 లీటర్ల నీళ్లలో మూడు నుంచి ఐదు రోజులు నానబెట్టి, వడగట్టి, ఒకటికి 10 పాళ్లు నీళ్లు కలిపి నెలకు రెండుసార్లు. చిక్కగా పోస్తే వేరు కుళ్లుతుంది, చీమలు పడతాయి. చెక్కలో నత్రజని 7 శాతం, వేప పిండిలో 5 శాతం వరకు ఉంటుంది. పశువుల ఎరువులా గుప్పెళ్లకొద్దీ వేసే సరుకు కాదు.

> గుడ్డు పెంకులు, అరటి తొక్కల నీళ్లు, కట్టెల బూడిద

గుడ్డు పెంకు కడిగి, ఎండబెట్టి, మిక్సీలో మెత్తగా పొడి చేస్తేనే నెమ్మదిగా కరుగుతుంది, ముక్కలుగా వేస్తే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. టమాటా కాయ అడుగు నల్లబడితే పెంకుల పొడి వేస్తున్నారు. ఎక్కువసార్లు లోటు కాల్షియంలో కాదు, నీళ్లలో ఉంటుంది. ఒకరోజు ఎండబెట్టి, ఒకరోజు ముంచేస్తే మట్టిలో ఉన్న కాల్షియం కూడా కాయదాకా చేరదు. రోజూ సమంగా నీళ్లు పెట్టండి, కొత్త కాయలు బాగుంటాయి.

అరటి తొక్క నానబెట్టిన నీళ్లలో దిగేది కొంచెం పొటాషే. ఆ తొక్కను కోసి డ్రమ్ములో వేయడం మేలు.

కట్టెల బూడిదలో పొటాష్ బాగా ఉంటుంది, కాయ దశలో బ్యాగుకు నెలకు ఒక చెంచా. బోరు నీళ్లు వాడే చోట, చౌడు లక్షణమున్న మట్టిలో అది కూడా వద్దు, క్షారం పెరిగి ఇనుము అందక లేతాకులు ఈనెలు తప్ప పసుపుబారతాయి, కరివేపాకులో ఇది ముందుగా కనిపిస్తుంది. బూడిదను పేడ కుప్పలోనూ పచ్చి ఎరువుతోనూ కలపకండి, క్షారం తగలగానే నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. రాక్షసి బొగ్గు బూడిద, చెత్త కాల్చిన బూడిద అసలు వాడొద్దు.

ఎండుటాకు (విశాఖపట్నం)

ఒకటి మిగిలిపోయింది. ట్రైకోడెర్మా పట్టించిన ఎరువు వేసిన బ్యాగుల్లో కాపర్ ఆక్సీక్లోరైడ్ గానీ బోర్డో మిశ్రమం గానీ పోయకండి, ఆ శిలీంధ్రం కూడా చస్తుంది. ఇప్పటికే పోసి ఉంటే 15 రోజులు ఆగి అప్పుడు ఎరువు వేయండి. అలాగే నింపేముందు ప్రతి బ్యాగు అడుగు రంధ్రాల్లో పుల్ల గుచ్చి చూడండి. పాత వేర్లు, మట్టి కలిసి మూసుకుపోయి ఉంటాయి. రంధ్రం మీద కొబ్బరి పీచు గుప్పెడు పరిచి, ఆపైన మట్టి పోస్తే వానాకాలమంతా నీళ్లు ఆడతాయి.

తొలకరి_మిద్దె (హైదరాబాద్)

రేపే వర్మీ 55 కిలోలు, కొబ్బరి పొట్టు తెప్పిస్తున్నాను. గోశాల ఎరువు మెట్ల కింద కుప్ప పోసి, మాగాక కవరు పరీక్ష చేసి ఫలితం ఇక్కడే రాస్తాను. మెట్ల కింద వెలుతురు తక్కువ, అది ఫర్వాలేదు కదా?

గత్తంకుప్ప (విజయనగరం)

వెలుతురు అక్కర్లేదు, గాలి కావాలి. గోడకు ఆనించకుండా చుట్టూ అడుగు ఖాళీ వదిలి, కింద కొబ్బరి మట్టలు గానీ కట్టెపుల్లలు గానీ పరిచి దాని మీద కుప్ప పోయండి.